తెరమీది లెక్క

అనంతపురమునుండి గుత్తి దిక్కుగా పోవు రహదారిపై తగులు గార్లదిన్నె మండలమున, ఒకవైపు పెనకచర్లయొద్ద పెన్నానదికి అడ్డముగా కట్టిన మిడ్ పెన్నారు జలాశయమును, మరియొకవైపు బోరుబావులనే నమ్ముకొని చీనీతోటలను శెనక్కాయ చేలను కాపాడుకొనుచున్న మెట్టగ్రామములును కనబడుచుండును. పడమటి కనుమల చాటున పడుటచే నైరుతి ఋతుపవనమును, తూర్పుతీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనమును చాలీచాలక తాకిపోవు ఈ పీఠభూమిలో, ఉమ్మడి అనంతపురము జిల్లాకు లెక్కగట్టిన సాధారణ వర్షపాతము సంవత్సరమునకు 553 మిల్లీమీటర్లు మాత్రమే. అందు 338 మిల్లీమీటర్లు నైరుతివలనను, 156 మిల్లీమీటర్లు ఈశాన్యమువలనను లభించును. ఇట్టి సీమలో నీటిని గూర్చి పెద్దలు చేయు ప్రతి నిర్ణయమునకును వెనుక ఒక లెక్క ఉండితీరవలెను. అయితే ఆ లెక్క కట్టగలవారు ఒకచోటను, దానినిబట్టి విత్తనము వేయవలసినవారు వేరొకచోటను ఉండుటచేత, తెలిసినదానిని తెలియనివారికి కన్నులకు కట్టునట్లు చెప్పు విద్య ఇచ్చట కేవలము సభాలంకారము గాక బ్రతుకు తెరువునకు సంబంధించిన విద్య అగుచున్నది. ఆ విద్యకు నేటి ప్రధానసాధనము ప్రొజెక్టరు వెలుగున తెరపై వెలయు స్లైడు.

సాంకేతిక విషయమును నలుగురియెదుట వివరింపవలసిన సందర్భములు నేడు అడుగడుగునను కలవు. వ్యవసాయ శాస్త్రజ్ఞుడు రైతులకును, ఇంజనీరు పై అధికారులకును, పరిశోధక విద్యార్థి పరీక్షకులకును, వైద్యుడు తోటివైద్యులకును తాను కనుగొన్నదానిని చెప్పుకొనక తప్పదు. ఇట్టి సభలలో అధికభాగము ఏ రీతిగా జరుగునో పాఠకులు ఎరుగనిది కాదు. దీపములు తగ్గింపబడును, తెరమీద పదునాలుగు పంక్తుల వాక్యసముదాయమొకటి ప్రత్యక్షమగును, వక్త సభకు వీపు త్రిప్పి దానిని పొల్లుపోకుండ చదువును, ముందువరుసవారు తాము చదువుట ముగించి వక్తకొరకు వేచియుందురు, వెనుకవరుసవారు చదువనును లేక, విననును లేక, కాఫీకొరకు వేచియుందురు. వక్త ఎంతటి పండితుడైనను, ఏ విషయము కంటికి ఇయ్యవలెనో, ఏది చెవికి విడువవలెనో ముందుగా విభజించుకొననిచో ఈ గతి తప్పదు.

నల్లబల్ల కాలమున ఈ చిక్కు ఇంతగా లేకుండెను. 1946లో మద్రాసున గిండీలో ప్రారంభమై 1948లో అనంతపురమునకు తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాలలో, తొలితరముల ఉపాధ్యాయులు వంతెన దూలముమీది బరువును సుద్దముక్కతో గీసి చూపిన దినములలో, బొమ్మ ఎంత వేగముగా పెరుగవలెనో గురువుగారి చేయియే నిర్ణయించుచుండెను. మొదట దూలము, పిదప దానిక్రింది ఆధారములు, ఆ పిదప బరువు, కట్టకడపట వంపు. ఒక్కొక్క గీతకును ఒక్కొక్క మాట తోడై వచ్చుటచే, చూచువాని కన్నును వినువాని చెవియు ఒకే చోట ఉండుచుండెను. బల్ల నిండినచో తుడువక తప్పదు గనుక, అనవసరమైనది వ్రాయు అలవాటును గురువునకు కలుగకుండెను. సుద్దకు గల ఈ మందగతి ఒక లోపమని ఆ కాలమువారు తలచియుందురు. అది ఎంతటి గుణమో మనకు అది పోయిన పిదప తెలిసినది.

1987లో రాబర్టు గాస్కిన్సు మున్నగువారు ఫోర్‌థాట్ అను చిన్న సంస్థలో రూపొందించిన పవర్ పాయింటు అను కార్యక్రమము మొదట మాకింతోష్ కంప్యూటరులకొరకు వెలువడి, ఆ సంవత్సరముననే ఒక కోటి నలుబది లక్షల డాలర్లకు మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చి, పిదప లోకమంతట వ్యాపించినది. తెలుగునాట దీనికి ప్రసిద్ధి వచ్చినది పందొమ్మిదివందల తొంబదుల చివరిభాగమున. 1997లో దిల్లీకి వచ్చిన బిల్ గేట్సునకు అప్పటి ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు ల్యాప్‌టాప్ తెరపై రాష్ట్రవిషయములను వివరించిన ఘట్టము పత్రికలలో పలుమారులు చెప్పబడినదే. 1998లో మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రమును హైదరాబాదున నెలకొల్పినది. నాటినుండి సచివాలయముమొదలు మండల కార్యాలయమువరకు స్లైడులేని సమీక్ష లేదన్నను అతిశయోక్తి కాదు. సాధనము ఇంటింటికి వచ్చినది గాని, దానిని వాడు మర్యాదను నేర్పినవారు మాత్రము అరుదు.

ఆ మర్యాద తెలియకపోవుట ఎంతటి అనర్థమునకు దోహదము చేయగలదో 2003లో లోకమునకు తెలియవచ్చినది. ఆ సంవత్సరము జనవరి 16వ తేదీన నింగికెగసిన కొలంబియా అంతరిక్షనౌకకు, ఎగిరిన సుమారు 82 సెకన్లకు, ఇంధనపుతొట్టినుండి ఊడిన నురుగుముక్క ఒకటి ఎడమరెక్కకు తగిలినది. ఆ దెబ్బ ప్రమాదకరమా, కాదా అని విచారించిన ఇంజనీరులు, నౌక ఇంకను ఆకాశముననే ఉండగా, తమ పరిశీలనను స్లైడులరూపమున అధికారులయెదుట ఉంచిరి. వానిలో ముఖ్యమైన యొక స్లైడునకు పెట్టిన శీర్షిక, పూర్వపరీక్షల ఫలితములు తగినంత భద్రతనే సూచించుచున్నవని చూచువాని మనస్సునకు తోచునట్లు ఉన్నది. దానిక్రింద పంక్తులకు లోపంక్తులు, వానికి మరల లోపంక్తులు, అంతకంతకు చిన్నవగుచు దిగిన అక్షరములు; అట్టడుగున, ఇంచుమించు మరుగుపడిన చోట, అసలు మాట: పూర్వము పరీక్షలలో వాడిన నురుగుముక్క మూడు ఘనపు అంగుళములు; ఇప్పుడు రెక్కకు తగిలినది 1,920 ఘనపు అంగుళములు. అనగా పరీక్షించినది గుప్పెడు ముక్క. తగిలినది దానికి 640 రెట్లు గలది. ఈ ఒక్క వాక్యము శీర్షికయై ఉండవలసినది. ఫిబ్రవరి 1వ తేదీన తిరుగుప్రయాణమున నౌక ఛిన్నాభిన్నమై, కర్నాలున పుట్టిన మన కల్పనా చావ్లా సహితముగా ఏడుగురు వ్యోమగాములు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుర్ఘటనకు స్లైడు ఒక్కటే కారణమనుట న్యాయము కాదు. కాని సాంకేతిక నివేదికలకు బదులుగా స్లైడులతో కార్యము గడుపు అలవాటును విచారణసంఘము తన నివేదికలో వేలెత్తి చూపి, ఈ స్లైడుపై ఎడ్వర్డు టఫ్టె అను పండితుడు చేసిన విమర్శను అందు చేర్చినది. ఉన్నత పదవియందున్నవాడు ఆ స్లైడును చదివి ప్రాణాపాయమును గుర్తింపకపోవుట వింత కాదని ఆ సంఘము అభిప్రాయపడినది.

దీనినుండి గ్రహింపవలసిన ప్రథమనియమము శీర్షికకు సంబంధించినది. స్లైడుపైన మనవారు సాధారణముగా వ్రాయునది ఒక నామవాచకము: నేపథ్యము, పద్ధతి, ఫలితములు, చర్చ, ముగింపు. ఇవి గ్రంథమున విషయసూచికకు తగును గాని, తెరపై వాదమును నడుపజాలవు. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయమున సాంకేతిక భాషణమును బోధించిన మైకేల్ ఆలీ అను నతడు ప్రచారము చేసిన పద్ధతిలో, ప్రతి స్లైడుపైనను కర్తయు క్రియయు గల ఒక పూర్ణవాక్యమునే శీర్షికగా నిలిపి, ఆ వాక్యమునకు సాక్ష్యమగు బొమ్మనో, గ్రాఫునో, ఛాయాచిత్రమునో దానిక్రింద ఉంచవలెను. వాక్యము వ్రాయబూనినపుడే వక్తకు తాను చెప్పదలచినది ఏదో, అసలు చెప్పదలచినది ఏమైనను ఉన్నదో లేదో తేటపడును. నామవాచకము వెనుక సందిగ్ధత దాగియుండుటకు చోటు కలదు. వాక్యమున అట్టి చోటు తక్కువ.

ఒక ఉదాహరణము తీసికొందము. గార్లదిన్నెలో రైతులను సమావేశపరచి, ఏ పంట వేయదగునో చెప్పవలసిన యువ శాస్త్రజ్ఞుడొకడు ఉన్నాడనుకొందము. అతని మొదటి చిత్తుప్రతిలో స్లైడు శీర్షిక 'వర్షపాతము, పంటల నీటి అవసరములు' అని ఉండును. క్రింద ముప్పది గళ్ల పట్టిక ఉండును. ఆ పట్టికలో ఉన్నదంతయు సత్యమే. అయినను దానిని చూచి విత్తనపు గింజ మార్చుకొను రైతు ఉండడు. రెండవ ప్రతిలో అతడు శీర్షికను 'మన ఏడాది వాన శెనక్కాయకు అంచున నిలుచును. వరికి ఏ మూలకును చాలదు' అని మార్చి, క్రింద మూడే నిలువుపట్టెలు గీయునుగాక: జిల్లా సాధారణ వర్షపాతము 553 మిల్లీమీటర్లు. శెనక్కాయకు వలయు నీరు, వ్యవసాయశాస్త్ర గ్రంథముల లెక్కన, 500 మొదలు 700 వరకు. మడిలో నిలుచునదియు భూమిలో ఇంకునదియు కలుపుకొని వరికి 900 మొదలు 2,500 వరకు. పట్టె ఎత్తు చూచిన మాత్రముననే శీర్షికలోని మాట నిజమని వెనుకవరుసవాడును ఒప్పుకొనును. మొదటి స్లైడు సమాచారమును ఇచ్చినది. రెండవది సమాచారముతోపాటు తీర్పును, దానికి సాక్ష్యమును ఇచ్చినది.

ఇచ్చట వివేకి యగు రైతు ఒక ప్రశ్న వేయకమానడు. ఏడాది మొత్తమున ఎంత పడినను, పదును తప్పినచో పంట తప్పును గదా, సగటు లెక్క మాకేల అని అతడు అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. శెనక్కాయ ఊడలు దిగునపుడును కాయ ఊరునపుడును వాన మొగము చాటు చేసినచో, 553 అను అంకె పుస్తకమునందే మిగిలిపోవును. కావున తెలివిగల వక్త తన తరువాతి స్లైడులో వారమువారముగా పడిన వానను వరుసగా పట్టెలుగా నిలిపి, ఎండిపోయిన వారములను ఖాళీగా విడిచి, పంట ఏ దశలో ఎన్ని వారములు ఎండబెట్టబడినదో ఆ ఖాళీచేతనే చెప్పించును. ఒక స్లైడులో ఒక మాటయే ఉండవలెనన్న నియమమునకు ఇదియే అర్థము. మొత్తమును గూర్చిన మాట ఒకటి, విభజనను గూర్చిన మాట వేరొకటి. రెండింటిని ఒకే తెరపై కుక్కినచో రెండును చెడును.

మనుష్యుని మనస్సు ఒకేసారి పట్టియుంచుకొనగల అంశములు మిక్కిలి కొలది. జార్జి మిల్లరు 1956లో ఆ సంఖ్యను ఏడుకు కొంచెము అటునిటుగా అంచనా వేయగా, ఇటీవలివారు దానిని నాలుగు ప్రాంతమునకు తగ్గించిరి. రిచర్డు మేయరు అను మనశ్శాస్త్రజ్ఞుడు, మాటలతో బొమ్మలను చేర్చి బోధించుటను గూర్చి చిరకాలము చేసిన ప్రయోగములలో, బొమ్మను చూపుచు నోటితో వివరించుట మేలనియు, అదే వివరణమును అక్షరములుగా కూడ తెరపై ఉంచుట అవగాహనకు పలుమారులు అడ్డమగుననియు తేల్చెను. చదువుటయు వినుటయు రెండును భాషావ్యాపారములే గనుక, అవి యొకదానినొకటి త్రోసికొనును. బొమ్మను చూచుటకును మాట వినుటకును అట్టి కలహము లేదు. వక్త చెప్పబోవునదంతయు తెరపైననే ఉన్నచో సభ్యులు ముందుగా చదివివేయుదురు, పిదప వక్త వారికి భారమగును. బొమ్మలోని భాగముల పేర్లు ఆ భాగముల ప్రక్కననే వ్రాయవలెననియు, ఒక మూలను సూచికపట్టిక పెట్టి కన్నును అటునిటు పరుగెత్తింపరాదనియు అతని ప్రయోగములే తెలుపుచున్నవి.

గ్రాఫు గీయుటలో అందమునకంటె ముందుగా చూచుకొనవలసినది సంపూర్ణత. 1986 జనవరి 28వ తేదీన చాలెంజరు అంతరిక్షనౌక ఆకాశమున ఛిన్నాభిన్నమగుటకు ముందటి రాత్రి, మిక్కిలి చలిలో దానిని ఎగురనిచ్చుట తగునా అని ఇంజనీరులును అధికారులును దూరవాణిపై వాదించుకొనిరి. నౌకను ఎత్తు రాకెట్ల అతుకులలోని రబ్బరు వలయములకు దెబ్బ తగిలిన ప్రయాణములను మాత్రమే చూచినచో, చలికిని ఆ దెబ్బకును సంబంధము కానరాదు. వేడిదినములలోను ఒకటిరెండు దెబ్బలు ఉన్నవి గదా అని తోచును. దెబ్బ తగులని ప్రయాణములను కూడ చేర్చి, అన్నింటిని ఉష్ణోగ్రత వరుసలో నిలిపినచో మాత్రము చిత్రము మారిపోవును: సుమారు 19 సెంటిగ్రేడు డిగ్రీలును అంతకు పైబడియు ఉన్న 20 ప్రయాణములలో మూడింటికే దెబ్బ; సుమారు 17 డిగ్రీలును అంతకు తక్కువయు ఉన్న నాలుగింటికి నాలుగింటను దెబ్బ. ఈ అంకెలను ఆ దుర్ఘటనపై నియమింపబడిన విచారణసంఘమే తన నివేదికలో ప్రకటించినది. కావున బోరు ఎండిన రైతుల వివరములనే చూపి, ఎండని బోరుల వివరమును విడిచినవాడు తన వాదమును తానే బలహీనపరచుకొనుచున్నాడని గ్రహింపవలెను. ఏ వరుసలో పేర్చినచో కారణము కంటికి కనబడునో ఆ వరుసనే పాటింపవలెను. గ్రామముల పేర్లను అక్షరక్రమమున పేర్చుటకంటె నీటిమట్టపు లోతు క్రమమున పేర్చుట ఉత్తమము.

అంకెలను శ్రోత బ్రతుకులోనికి తెచ్చుట మరియొక కళ. మిల్లీమీటరు అనునది వర్షమాపకమువాని కొలత. రైతునకు దానితో పరిచయము ఉన్నను చుట్టరికము లేదు. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో సుమారు నాలుగువేల లీటర్ల నీరు పడినట్లు. ఈ లెక్కన 553 మిల్లీమీటర్లు అనగా ఎకరమునకు ఇరువదిరెండు లక్షల లీటర్లకు పైచిలుకు. ఈ మాట చెప్పగానే, ఇంత నీరు ఎచ్చటికి పోవుచున్నదను ఆలోచన తనంతట తానే సభలో పుట్టును. ఆవిరియై పోవునదెంత, వాగున పారిపోవునదెంత, భూమిలోనికి ఇంకునదెంత అను తరువాతి మూడు స్లైడులకు దారి సుగమమగును. ఇక దశాంశస్థానముల సంగతి. దిగుబడిని ఎకరమునకు ఎన్ని క్వింటాళ్లో చెప్పునపుడు బిందువునకు తరువాత మూడు అంకెలు వ్రాయుట శాస్త్రీయతకు చిహ్నమని కొందరు భ్రమపడుదురు. పొలములో కొలిచిన పరికరమునకు లేని సూక్ష్మత తెరమీది అంకెకు రాదు. అది చూచువాని కన్నును అలయించుటకే పనికివచ్చును. పూర్ణసంఖ్య చాలినచోట పూర్ణసంఖ్యయే మర్యాద.

ఈ సీమ పూర్వుల చేతిలోనే తెరను వాడు విద్య యొకటి కలదు. ధర్మవరము సమీపమున నిమ్మలకుంటలో తరతరములుగా సాగుచున్న తోలుబొమ్మలాట, ఆ ఊరి దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ వచ్చుటతో దేశమంతట మరల వినబడినది. తెల్లని గుడ్డతెర, దానివెనుక దీపము, దీపమునకును తెరకును నడుమ పారదర్శకమగునట్లు చెక్కి రంగులద్దిన తోలుబొమ్మ. మన ప్రొజెక్టరు సభయందు ఉన్నవియు ఇంచుమించు ఇవియే. ఆంధ్రదేశపు తోలుబొమ్మ మనిషియెత్తున ఉండుటకు కారణము ఊరి చివరి అరుగుమీద కూర్చున్నవానికి కనబడవలెననుటయే. తెరమీదికి పాత్రలు ఒకరిద్దరుగా వత్తురు. తమ పని ముగియగానే తొలగుదురు. కథను నడుపు భారము గాయకుని గొంతుది. రామరావణ యుద్ధమునకు ముందుగానే పాత్రలనన్నింటిని తెరకు గ్రుచ్చి, వారి వంశావళిని ప్రక్కన వ్రాసిపెట్టిన సూత్రధారి ఎవడును లేడు. స్లైడు చేయువాడు ఈ కళాకారుల పద్ధతిని ఒక రాత్రి శ్రద్ధగా చూచినచో, పెద్ద పుస్తకములు చెప్పునదానిలో సగము నేర్చుకొనవచ్చును.

తెలుగులో స్లైడులు చేయువారికి కొన్ని ప్రత్యేకమైన చిక్కులు కలవు. వీనిని గూర్చి ఆంగ్లగ్రంథములు చెప్పవు గనుక కొంచెము విస్తరింతును. మన అక్షరమునకు పైన తలకట్టును గుణింతపు గుర్తులును, క్రింద వత్తులును ఉండుటచేత, ఒక పంక్తికి ఆంగ్లమునకు వలయుదానికంటె ఎక్కువ ఎత్తు అవసరము. పంక్తుల నడుమ ఎడమును ఆంగ్లమునకు సరిపోవునంత మాత్రమే ఉంచినచో పైపంక్తి వత్తు క్రిందిపంక్తి గుడిని తాకి రెండును చదువరాకుండును. అక్షరమును మిక్కిలి లావు చేసినచో లోపలి సున్నలు పూడిపోయి, దూరమునుండి చూచువానికి ఒక అక్షరము మరియొకదానివలె తోచును. తెరపై శీర్షికక్రింది పాఠ్యపు అక్షరము ఇరువదియెనిమిది పాయింటులకు తగ్గకుండుటయు, శీర్షిక రెండు పంక్తులకు మించకుండుటయు మేలు. ఇక ఫాంటుల విషయము. అచ్చుపనిలో చిరకాలముగా వాడుకలోనున్న 'అను' అను పేరుగల ఫాంటులతో టైపు చేసిన స్లైడును ఆ ఫాంటులు లేని కంప్యూటరులో తెరచినచో, తెలుగు మాటలు మాయమై అర్థములేని గుర్తుల గుంపు ప్రత్యక్షమగును; సభలో దీనివలన కలుగు అవమానము అనుభవించినవారికే తెలియును. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము కలిగినది. పోతన, వేమన, మండలి, రామభద్ర, నోటో మొదలగు యూనికోడు ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. వానిలో ఒకదానితో టైపు చేసి, దానిని పీడీఎఫ్ ప్రతిగా కూడ భద్రపరచుకొని పోయినవానికి ఏ ఊరి కంప్యూటరునను భయము లేదు.

రంగులను గూర్చియు హెచ్చరిక అవసరము. పురుషులలో కొందరు పుట్టుకతోనే ఎరుపును ఆకుపచ్చను వేరుపరచి గుర్తింపలేరు. వారు తమకా లోపము ఉన్నదని ఎరుగకయే జీవితము గడపుటయు కలదు. భూగర్భజలములను కేంద్రసంస్థ నాలుగు తరగతులుగా విభజించునపుడు, ఏటేట ఊరునదానిలో 70 శాతమువరకు తోడుచోటును సురక్షితమనియు, 90 వరకు తోడుచోటును కొంత చిక్కులోనున్నదనియు, 100 వరకు తోడుచోటును గడ్డుస్థితిలోనున్నదనియు, అంతకు మించినచోటును అతిగా తోడబడినదనియు పేర్కొనును. దీనిని పటముపై ఎరుపు ఆకుపచ్చ రంగులతోనే చూపినచో సభలోని కొందరికి ప్రమాదమును క్షేమమును ఒక్కతీరుననే కనబడును. లేతనుండి ముదురునకు పోవు ఒకే రంగును వాడి, ప్రతి మండలముపైనను శాతమును అంకెగా వ్రాసినచో ఈ దోషము తొలగును. పల్లెలలో సభలు పట్టపగలు, తలుపులు తెరచిన పంచాయతీ మందిరములలో జరుగును గనుక, నల్లని వెనుకతెరపై రంగురంగుల అక్షరములు వెలవెలబోవును. తెల్లని వెనుకతెరపై నల్లని అక్షరమే అచ్చట నిలుచును.

కరెంటు పోయినచో ఏమి చేయవలెనన్న ప్రశ్నకు ఈ సీమ రైతులే ఇరువదియేండ్లక్రిందట సమాధానము చెప్పియుండిరి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, 2003 ప్రాంతమున, అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ అను ఏడు కరవుజిల్లాలలో భూగర్భజలములను రైతులే పరిశీలించి నిర్వహించుకొను పథకమొకటి ఆరంభమైనది. రైతులు, వారిలో స్త్రీలును, వర్షమాపకములను తామే చూచి, ఎంపిక చేసిన బోరులలో నీటిమట్టమును తామే కొలిచి, ఆ అంకెలను పుస్తకములలో వ్రాసికొనుటతోపాటు గ్రామమున అందరు చూచుచోట బోర్డులపై ప్రకటించుచుండిరి. రబీకి ముందు సభ చేరి, భూమిలో ఎంత నీరు ఉన్నదో, తాము వేయదలచిన పంటలకు ఎంత కావలెనో ప్రక్కప్రక్కన పెట్టి లెక్కచూచుకొనుచుండిరి. ఎవరిని ఏ పంటయు వేయవలదని శాసించు అధికారము ఆ సభకు లేదు. లెక్క కన్నులయెదుట నిలిచిన పిదప ఎవరి నిర్ణయము వారిదే. ప్రపంచబ్యాంకు 2010లో వెలువరించిన భారతదేశ భూగర్భజల నివేదిక ఈ ప్రయత్నమును ప్రత్యేకముగా పేర్కొన్నది. సాంకేతిక ప్రదర్శనమునకు ఇంతకంటె మంచి నమూనా వెదకినను దొరకదు. బోర్డుమీద ఉన్నవి కొలది అంకెలు; అవి చూచువాని స్వంత ఊరివి; వానిని కొలిచినవాడును, వివరించువాడును ఆ ఊరివాడే; సభ ముగిసి అందరును ఇండ్లకు పోయినను బోర్డు అచ్చటనే ఉండును.

ఈ కడపటి గుణము స్లైడునకు లేదు. తెర ఆరగానే స్లైడు పోవును. కావున సభ ముగిసిన పిదప చదువుకొనవలసిన వివరములను, పట్టికలను, పద్ధతులను ఒకటి రెండు పుటల కాగితముపై అచ్చువేయించి చేతికి ఇచ్చుట అవసరము. టఫ్టె ఈ సలహానే ఇచ్చెను. అమెజాన్ సంస్థ 2004లో తన ఉన్నతసమావేశములనుండి పవర్ పాయింటును తొలగించి, వాక్యరూపమున వ్రాసిన పత్రమును అందరును మొదట మౌనముగా చదువు పద్ధతిని ప్రవేశపెట్టుటకును ఈ యోచనయే మూలము. కాగితము వివరమును మోయును, స్లైడు సాక్ష్యమును చూపును, గొంతు వాదమును నడుపును. ఈ మూడు పనులను ఒక్క స్లైడుచేతనే చేయింపబోవుటవలననే పదునాలుగు పంక్తుల తెరలు పుట్టుచున్నవి.

విషయము గంభీరమైనది, దానిని ఇంతగా కుదించినచో శాస్త్రమునకు అన్యాయము జరుగదా అని పరిశోధకులు ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణలో కొంత బలము లేకపోలేదు. నిపుణుల సభలో గ్రాఫుపై సందేహపు మేరను సూచించు గీతలు ఉండవలెను, కొలత ఏ పొలమున, ఏ ఋతువున, ఎన్నిమార్లు జరిగినదో ఉండవలెను. వీనిని విడిచిన స్పష్టత మోసమునకు సమీపము. అయితే సందేహమును చెప్పుటకును స్లైడును నింపుటకును సంబంధము లేదు. కొలంబియా స్లైడులో సందేహము ఉండనే ఉన్నది, అడుగున మరుగుపడియున్నది. మన ఫలితమునకు గల హద్దు శ్రోత నిర్ణయమును మార్చునంతటిదైనచో, అది శీర్షికలోనికి ఎక్కవలెను. తక్కిన వివరములను ముగింపు స్లైడుకు తరువాత అదనపు స్లైడులుగా దాచియుంచి, ప్రశ్న వచ్చినపుడు తీసి చూపినచో, శాస్త్రమునకును లోటు లేదు, సభకును విసుగు లేదు.

కావున ఇంజనీరింగు విద్యార్థులకును, వ్యవసాయాధికారులకును, తమకు తెలిసినదానిని నలుగురికి చెప్పవలసిన వృత్తులలోనున్న ఇతరులకును నేను చేయు విన్నపము ఇది. కంప్యూటరు తెరచుటకు ముందుగా ఒక కాగితము తీసికొని, సభనుండి లేచిపోవునపుడు శ్రోత ఏ ఒక్క మాటను వెంటతీసికొని పోవలెనో దానిని వాక్యముగా వ్రాయుడు. ఆ వాక్యమును నిలువబెట్టు సాక్ష్యములను నాలుగైదు మాత్రమే ఎంపిక చేసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్లైడును, ఒక్కొక్క స్లైడునకు ఒక్కొక్క వాక్యశీర్షికను ఇండు. సభాదినమున అర్ధగంట ముందుగా పోయి, మొదటి స్లైడును తెరపై నిలిపి, మందిరపు చివరివరుసలో మీరే కూర్చుండి చదివి చూడుడు. చదువ వీలుకాని అక్షరమును పెంచుడు. పెంచుటకు చోటు చాలనిచో మాటలను తగ్గింపుడు. అటుపిమ్మట సభకు ఎదురుగా తిరిగి మాటాడుడు.